ప్యాకేజీలో లేని రక్తం

ఫిబ్రవరిలో ఒక రాత్రి పదకొండు దాటాక మా హాస్టల్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను. "ఓ పాజిటివ్ రెడ్ సెల్స్ 2 యూనిట్లు. ప్లేట్‌లెట్స్‌కు మాత్రం బి పాజిటివ్ లేదా ఏబీ పాజిటివ్ దాతలు కావాలి. అర్జెంట్. ఒకే పేషెంట్." రెండు నిమిషాల్లో ఒక తమ్ముడు అడిగాడు: "అక్కా, టైపింగ్‌లో తప్పు పడినట్టుంది. ఒక మనిషికి రెండు బ్లడ్ గ్రూపులేంటి?"

తప్పు పడలేదు. ఆ పేషెంట్ పదకొండేళ్ల అబ్బాయి. ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ పక్కనున్న మస్తూరీ ప్రాంతం నుంచి హైదరాబాద్ వచ్చాడు. సికిల్ సెల్ జబ్బుకు మూలకణాల మార్పిడి జరిగి అప్పటికి తొమ్మిది రోజులు. మూలకణాలిచ్చింది సొంత అక్క. అతనిది ఓ గ్రూపు, ఆమెది బి గ్రూపు. అతని ఒంట్లో పాత మజ్జ పోయింది, కొత్త మజ్జ ఇంకా పని మొదలుపెట్టలేదు. పాత ఒంట్లో మిగిలిన యాంటీబాడీలు బి ఎర్రకణాలను బతకనివ్వవు కాబట్టి ఎర్రకణాలు ఓ గ్రూపువే ఎక్కించాలి. ప్లేట్‌లెట్స్‌తో పాటు దాత ప్లాస్మా కూడా వస్తుంది. అది రాబోయే కొత్త కణాలకు కీడు చేయకూడదు, అందుకని ప్లేట్‌లెట్స్ బి గానీ ఏబీ గానీ అయితే మంచిది. ఇదంతా ఆ రాత్రి గ్రూపులో వివరించే ఓపిక లేక "తప్పు కాదు తమ్ముడూ, పొద్దున రా, చెప్తా" అని రాసి ఊరుకున్నాను.

నాది బి పాజిటివ్. పొద్దున ముందు నేనే వెళ్లాను. వేలికి సూది గుచ్చి చూస్తే హిమోగ్లోబిన్ 11.4 వచ్చింది. మన దేశంలో రక్తం ఇవ్వాలంటే 12.5 ఉండాలి. ఆ సిస్టర్ ఏమీ అనకుండా తర్వాతి వాళ్లను పిలిచింది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ అంకెను నా థీసిస్‌లో రెండుసార్లు రాశాను. ఆ రోజు దాని లోపల నిలబడ్డాను.

నేనెందుకు ఆ ఆస్పత్రిలో ఉన్నానో చెప్పాలి. నేను పుట్టింది బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం వెళ్లి అక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. మా తాత గ్యాంగ్‌మన్, మా నాన్న కూడా గ్యాంగ్‌మనే. ఇంట్లో ఉత్తరాంధ్ర తెలుగు, బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ. పీహెచ్‌డీ కోసం హైదరాబాద్ వచ్చాక ఛత్తీస్‌గఢీ నాకు పనికొస్తుందని అనుకోలేదు. ఆ కుటుంబం గురించి బిలాస్‌పూర్ నుంచి ఒక స్నేహితుడు ఫోన్ చేసి, "వాళ్లకు హిందీ కూడా సరిగా రాదు, ఆ డాక్టర్లతో నువ్వు మాట్లాడు" అన్నాడు. అలా వెళ్లాను. వాళ్లమ్మ నన్ను "నోనీ" అని పిలిచింది. ఆడపిల్లను పిలిచే మాట అది. నేను ఆమెను "దాయీ" అన్నాను. అప్పటికి నాలుగు రోజులుగా ఆ ఆస్పత్రిలో ఆమెకు అర్థమయ్యే ఒక్క మాటా ఎవరూ మాట్లాడలేదట.

మస్తూరీ బిలాస్‌పూర్‌కు ఇరవై కిలోమీటర్ల లోపే. ఎస్సీలకు రిజర్వు అయిన అసెంబ్లీ నియోజకవర్గం. గురు ఘాసీదాస్‌ను నమ్మే సత్నామీల పల్లెలు ఎక్కువ. వాడ మొదట్లో తెల్లటి జైత్‌ఖామ్ కనిపిస్తుంది. పాత బౌద్ధ ఆనవాళ్లున్న మల్హార్ ఆ వైపే. 2980 మెగావాట్ల సీపత్ థర్మల్ కేంద్రం కూడా ఆ వైపే. అక్కడ ఈ జబ్బును "సిక్లిన్" అంటారు. కొత్తగా వచ్చిన జబ్బులాగా కాక, ఇంటికి తరచూ వచ్చే చుట్టం గురించి మాట్లాడినట్టు మాట్లాడతారు. ఎముకల్లో నొప్పి పుట్టి మూడు రోజులు ఏడ్చే పిల్లలు, కళ్లు పచ్చబడ్డ పిల్లలు, తోటివాళ్లకంటే రెండేళ్లు చిన్నగా కనిపించే పిల్లలు ప్రతి వాడలో ఉంటారు. సత్నామీల్లోనే కాదు, సాహు, కుర్మీ, గోండ్ కుటుంబాల్లోనూ ఉంటారు. మలేరియా తిరిగిన నేల మీద వాహకులకు కొంత రక్షణ దొరికింది కాబట్టి ఆ జన్యువు నిలిచింది. అది కుల హద్దులు చూసి రాలేదు. కులం చేసిన పని వేరు. ఆ జన్యువును పెళ్లి గోడల మధ్య తిప్పుతూ పెట్టింది. అంతర్వివాహమే కులానికి ప్రాణమని బాబాసాహెబ్ 1916లో కొలంబియాలో చదివిన వ్యాసంలోనే చెప్పారు.

కానీ ఈ వ్యాసం పెళ్లిళ్ల గురించి కాదు. ప్రభుత్వాలు సికిల్ సెల్ అనగానే పెళ్లిళ్ల గురించే మాట్లాడతాయి, అదొక బాధ. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రధాని ప్రారంభించిన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం పెట్టుకుంది. 6 కోట్లు దాటాయని, 2 లక్షల మందికి పైగా రోగులు తేలారని కేంద్రమే చెప్పింది. కార్డులు పంచారు. వాహకులు వాహకులను చేసుకోవద్దని చెప్పారు. మంచిదే. అయితే ఇప్పటికే పుట్టిన ఆ 2 లక్షల మంది సంగతి? వాళ్లకు హైడ్రాక్సీయూరియా మాత్ర క్రమంగా అందాలి, నొప్పి వచ్చినప్పుడు నమ్మే డాక్టరు ఉండాలి, అవసరమైనప్పుడు రక్తం ఉండాలి. కొద్దిమందికి, తోబుట్టువుల్లో సరిపోయే దాత దొరికిన వాళ్లకు, జబ్బే పోయే దారి ఒకటి ఉంది. అది మూలకణాల మార్పిడి. 1984లో అమెరికాలో ఒక ఎనిమిదేళ్ల పాపకు రక్త క్యాన్సర్ కోసం మజ్జ మార్పిడి చేస్తే సికిల్ సెల్ కూడా నయమైంది. ఆ దారి అప్పటి నుంచీ తెరిచే ఉంది. మన దేశంలో మజ్జ మార్పిడి 1983లోనే బొంబాయి టాటా మెమోరియల్‌లో మొదలైంది.

ఆ దారి పొడుగునా రక్తం కావాలి. ఎంత, ఎలాంటి రక్తం అన్నది నాకూ ఆ ఫిబ్రవరి దాకా తెలియదు.

కీమో మొదలుపెట్టే ముందే పిల్లాడి ఒంట్లో సికిల్ హిమోగ్లోబిన్ 30 శాతం కిందికి తేవాలని చూస్తారు. ఊరికే రక్తం ఎక్కిస్తూ పోతే చిక్కబడి నాళాల్లో పారదు, పక్షవాతం రావచ్చు. అందుకని ఒక చేతి నుంచి పాత రక్తం తీస్తూ ఇంకో చేతికి కొత్త రక్తం ఎక్కిస్తారు. ఒక్కో విడతకు అనేక యూనిట్లు పడతాయి. తర్వాత కీమో మజ్జను ఖాళీ చేస్తుంది. రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం, ఒళ్లు సొంతంగా ఏ రక్తకణాన్నీ తయారుచేయదు. మామూలుగా మార్పిడి చేయించుకున్న వాళ్లకు ప్లేట్‌లెట్స్ 10,000కు పడేదాకా ఆగవచ్చు. సికిల్ సెల్ పిల్లలకు అలా ఆగరు. ఏళ్ల తరబడి ఈ జబ్బు మెదడు నాళాలను పాడుచేసి ఉంటుంది. 1990ల్లో అమెరికాలో చేసిన తొలి మార్పిడుల్లో కొందరు పిల్లలకు మూర్ఛలు, మెదడులో రక్తస్రావాలు వచ్చాయి. ఆ అనుభవంతో ప్లేట్‌లెట్స్‌ను 50,000కు తగ్గనివ్వకూడదని నియమం పెట్టుకున్నారు. అంటే ఇంకో జబ్బుతో పక్క మంచం మీదున్న పిల్లాడి కంటే మస్తూరీ పిల్లాడికి ఎన్నో రెట్లు ఎక్కువ సార్లు ప్లేట్‌లెట్స్ కావాలి. ప్లేట్‌లెట్స్ నిల్వ ఉండేది ఐదు రోజులే. ఒక దాత నుంచే మెషీన్ మీద తీయాలంటే అతను గంటన్నర, రెండు గంటలు కూర్చోవాలి. చేతి నరాలు బాగుండాలి. ఆ ఉదయం మా జూనియర్ ఒకడు ఆకలితో ఉన్నానని మెషీన్ ఎక్కే ముందు రెండు వడలు తిన్నాడు. నూనె తిండి వల్ల ప్లాస్మా పాలలా మారిందని వెనక్కి పంపారు. పాపం, వాడి తప్పేం లేదు. చెప్పాల్సిన నేనే చెప్పలేదు.

ఇంతటితో అయిపోదు. ఎక్కించే ప్రతి యూనిట్‌నూ రేడియేషన్ ఇచ్చి వాడాలి. లేకపోతే అందులోని దాత తెల్లకణాలు ఏ రక్షణా లేని ఆ ఒంటి మీద దాడి చేస్తాయి. అది దాదాపు ఎప్పుడూ ప్రాణాంతకమే. ఫిల్టర్ వేసి తెల్లకణాలు తగ్గించాలి కూడా. ఇక గ్రూపు అంటే మనకు తెలిసిన ఏ, బి, ఓ, పాజిటివ్, నెగెటివ్‌లు మాత్రమే కాదు. ఎర్రకణం మీద సి, ఇ, కెల్ లాంటి గుర్తులు ఇంకా చాలా ఉంటాయి. సికిల్ సెల్ రోగులకు కనీసం ఆ మూడైనా కలిసేలా చూడాలని అమెరికన్ సొసైటీ ఆఫ్ హెమటాలజీ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. కలవని రక్తం పదే పదే ఎక్కిస్తే ఒళ్లు వాటిమీద యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. ఆ తర్వాత సరిపోయే యూనిట్ దొరకడమే గగనం. మన పల్లె పిల్లాడికి ఐదేళ్ల వయసులో ఎక్కించిన మొదటి యూనిట్ ఏ చిన్న ఆస్పత్రిలోనో, అర్ధరాత్రి, పైపైన గ్రూపు చూసి ఎక్కించిందే. పదేళ్లు వచ్చాక ట్రాన్స్‌ప్లాంట్ టేబుల్ మీద దాని లెక్క తేలుతుంది. ఈ అబ్బాయికి అలాంటి యాంటీబాడీ ఒకటి తేలింది. ఏ ఊళ్లో ఎక్కించిన ఏ సీసా వల్లనో చెప్పే కాగితం ఒక్కటీ వాళ్ల దగ్గర లేదు.

ఇప్పుడు ఆస్పత్రి వాళ్లు ఇచ్చిన ఖర్చు అంచనా కాగితం దగ్గరికి వద్దాం. ఆస్పత్రి పేరు రాయను, ఈ పద్ధతి ఆ ఒక్క చోటే లేదు. కొంత ప్రభుత్వ సాయం, కొంత ఒక ట్రస్టు కలిసి డబ్బు సర్దాయి. గది, మందులు, కీమో, పరీక్షలు అన్నీ ఆ కాగితంలో ఉన్నాయి. చివర్న చిన్న అక్షరాలతో ఒక వాక్యం: రక్తదాతలను కుటుంబమే ఏర్పాటు చేసుకోవాలి.

కుటుంబంలో ఎవరున్నారు? అమ్మ, నాన్న, అక్క. ఈ జబ్బు పూర్తిగా ఉన్న పిల్లాడికి అమ్మానాన్నలిద్దరూ వాహకులే అయి ఉంటారు. వాహకుల రక్తంలో మూడో వంతుకు పైగా సికిల్ హిమోగ్లోబినే. దాన్ని తగ్గించడానికి ఇంత కష్టపడుతూ మళ్లీ అదే ఎక్కించరు. పైగా ఆ రక్తం తెల్లకణాల ఫిల్టర్‌లో గడ్డకట్టి ఆగిపోతుంది. అక్క కూడా వాహకురాలే. ఆమె మూలకణాలు పనికొస్తాయి, రక్తం పనికిరాదు. మార్పిడికి ముందు ఆమె రక్తం గానీ దగ్గరి చుట్టాల రక్తం గానీ తమ్ముడికి ఎక్కించనే కూడదు. ఎక్కిస్తే అతని ఒళ్లు ఆ కణాలను ముందే గుర్తుపట్టి, తర్వాత వచ్చే మూలకణాలను తిప్పికొట్టే ప్రమాదం ఉంది. అంటే వైద్య శాస్త్రం ఈ కుటుంబాన్ని "మీరు ఇవ్వకండి" అంటుంటే, ఆస్పత్రి కౌంటరు "మీరే తేవాలి" అంటోంది.

మీరిచ్చింది మీ పిల్లాడికి కాదు, బ్యాంకుకు, దానికి బదులు వేరే యూనిట్ మీకు ఇస్తాం, దీన్నే రీప్లేస్‌మెంట్ అంటారు అని కౌంటర్లో వివరించారు. నేను దాయీకి ఛత్తీస్‌గఢీలో చెప్పాను. సరే, ఆ బదులే చూద్దాం. తండ్రి బరువు 43 కిలోలు. 45 లేనిదే దాతగా తీసుకోరు. అక్క మజ్జ ఇవ్వబోతోంది, ఆమె నుంచి బ్యాంకు కోసం ఇంకో సీసా తీయడం అన్యాయం. బాబాయిలు, మేనమామలు ఎక్కడ? బిలాస్‌పూర్, జాంజ్‌గీర్ వైపు భూమి లేని దళిత కుటుంబాల గురించి తెలిసిన వాళ్లకు జవాబు తెలుసు. వరికోతలు అయిపోగానే పేష్గీ తీసుకుని ఉత్తరప్రదేశ్, జమ్మూ వైపు ఇటుక బట్టీలకు వెళ్తారు. వానలకు ముందు తిరిగి రారు. మధ్యలో వస్తామంటే బట్టీ యజమాని పంపడు, పేష్గీ తీరలేదంటాడు. ఫిబ్రవరిలో ఆ వాడలో ఉండేది ముసలివాళ్లు, పిల్లలు, జైత్‌ఖామ్.

మూడో వారానికి బ్యాంకు రిజిస్టరులో ఆ అబ్బాయి పేరు పక్కన "బాకీ 6 యూనిట్లు" అని రాసి ఉంది. దాయీకి అంకెలు తెలుసు. రిజిస్టరు వైపు చూసి నన్ను అడిగింది: "నోనీ, ఇది తీరేదాకా బాబును పంపరా?" పంపుతారని చెప్పాను. ఆమె నమ్మలేదు. పేష్గీ తీరనిదే మనిషిని వదలని లోకం నుంచి వచ్చిన మనిషికి ఆ "బాకీ" అనే మాటకు ఇంకో అర్థం ఎందుకు తోస్తుంది?

చట్టం ఏం చెబుతోందో చూద్దాం. 1996 జనవరిలో కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు డబ్బు తీసుకుని రక్తం అమ్మేవాళ్లను రెండేళ్లలో లేకుండా చేయాలని, జాతీయ రక్త మార్పిడి మండలి పెట్టాలని చెప్పింది. 2002 జాతీయ రక్త విధానం రీప్లేస్‌మెంట్ పద్ధతిని క్రమంగా ఎత్తేసి స్వచ్ఛంద దానానికి మారాలంది. తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ రోగులకు రక్తం ఉచితంగా ఇవ్వాలని ఆదేశాలున్నాయి. రక్తం అమ్మే వస్తువు కాదు, ప్రాసెసింగ్ ఖర్చే తీసుకోవాలని 2023 డిసెంబరులో డ్రగ్స్ కంట్రోలర్ మళ్లీ గుర్తుచేయాల్సి వచ్చింది. రక్తం అమ్మే పేదవాణ్ని చట్టం తీసేసింది, అది సరైనదే. అతని స్థానంలో రావాల్సిన ప్రజా వ్యవస్థ చాలా చోట్ల రాలేదు. ఆ ఖాళీలో పేషెంట్ చుట్టాలు నిలబడ్డారు. ఆ ఖాళీ ఎంత పెద్దదో బిలాస్‌పూర్ జిల్లా గనియారీలోని జన్ స్వాస్థ్య సహయోగ్ డాక్టర్లు ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. బ్లడ్ బ్యాంకు అందుబాటులో లేని చోట, పరీక్షలు చేసి దాత నుంచి నేరుగా రోగికి ఎక్కించే వీలు ఇవ్వమని అడిగారు. కాన్పులో రక్తం పోతున్న మనిషికి అది ప్రాణం నిలిపే దారే. మా పిల్లాడి అవసరం మాత్రం దానికి పూర్తిగా అవతలి కొసన ఉంది: రేడియేషన్, ఫిల్టర్, గుర్తులన్నీ కలిసిన యూనిట్. రెండు కొసల్లోనూ నష్టపోతున్నది ఒకే రకం మనుషులు.

భారతదేశానికి కావాల్సిన దానికంటే 4 కోట్ల 10 లక్షల యూనిట్లు తక్కువ పడుతున్నాయని 2019లో లాన్సెట్ హెమటాలజీలో ఒక అధ్యయనం అంచనా వేసింది. ప్రపంచంలో అదే అతి పెద్ద లోటు. లోటు అందరికీ ఒకేలా తగలదు. రక్తం చుట్టరికం మీద దొరికే చోట ఎవరి చుట్టరికం బలమైందో వాళ్లకు దొరుకుతుంది. నగరంలో సొంత కుల హాస్టళ్లు, కుల సంఘాలు, ఆఫీసులో ఇరవై మంది సహోద్యోగులు ఉన్నవాడు ఒక్క ఫోన్‌తో పని కానిస్తాడు. అది అతని మంచితనమో, ఇంకొకరి చేతగానితనమో కాదు, తరతరాల ఆస్తి. భూమిలాగే పంపకం జరగని ఆస్తి. ఇంకో ప్రమాదమూ ఉంది. పదే పదే ఇచ్చే స్వచ్ఛంద దాత రక్తమే అన్నిటికంటే భద్రమని ప్రపంచమంతా ఒప్పుకున్న విషయం. హడావిడిగా వెతికి తెచ్చిన దాత అలా కాదు. మన దేశంలో న్యాట్ పరీక్ష ఇప్పటికీ తప్పనిసరి కాదు. 2025 అక్టోబరులో జార్ఖండ్‌లోని చాయిబాసాలో, తరచూ రక్తం ఎక్కించుకునే తలసేమియా పిల్లలకు హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలిన వార్త చదివిన రోజు నేను ఈ అబ్బాయి రిపోర్టులన్నీ మళ్లీ తీసి చూశాను.

డబ్బు ఇవ్వడం ప్రభుత్వాలకు వచ్చు. కోల్ ఇండియా సామాజిక బాధ్యత నిధులతో 2017లో మొదలైన తలసేమియా బాల్ సేవా యోజన మూలకణాల మార్పిడికి 10 లక్షల దాకా ఇస్తుంది, సికిల్ సెల్ కూడా అందులో ఉంది. ఆ కోల్ ఇండియా అనుబంధ సంస్థ ఎస్‌ఈసీఎల్ ప్రధాన కార్యాలయం మా బిలాస్‌పూర్‌లోనే. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో సికిల్ సెల్ రోగులకు నెలకు 10,000 పెన్షన్ మొదలైంది. ఇవన్నీ పోరాడి నిలుపుకోవాల్సినవే. అయితే డబ్బు మంజూరు చేసే కాగితం దాతలను మంజూరు చేయదు. ఆ మంజూరు పత్రంలోనే ఫలానా రక్త కేంద్రం ఈ రోగికి మార్పిడి ముందు నుంచి కొత్త మజ్జ నిలదొక్కుకునే దాకా కావాల్సిన ఎర్రకణాలు, ప్లేట్‌లెట్స్ బదులు అడగకుండా సమకూర్చాలి అని ఎందుకు రాయరు? పెద్ద ప్రభుత్వ ఆస్పత్రుల్లో పక్షవాతం, ప్రసవం, యాక్సిడెంట్ అన్నిటికీ అదే బ్యాంకు, నాకు తెలుసు. అందుకే పేరు పెట్టి బాధ్యత అప్పగించమంటున్నాను.

ఈ మాట అడిగిన వాళ్లలో మనం మొదటివాళ్లం కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికన్ రెడ్ క్రాస్ నల్లవాళ్ల రక్తాన్ని మొదట వద్దంది. తర్వాత తీసుకుంది గానీ 1950 దాకా వేరే లేబుల్ వేసి విడిగా పెట్టింది. ఆ దేశంలోనే 1970ల మొదట్లో బ్లాక్ పాంథర్లు వీధి వీధికీ వెళ్లి ఉచితంగా సికిల్ సెల్ పరీక్షలు చేశారు. తమ జబ్బును వైద్యం ఎందుకు పట్టించుకోలేదని అడిగారు. 1972లో అక్కడ సికిల్ సెల్ చట్టం వచ్చింది. అదే 1972లో వాళ్ల పేరునే తీసుకుని బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది. పాంథర్ల పేరు మనకు వచ్చింది, కవిత్వం వచ్చింది, ఆ క్లినిక్ మాత్రం రాలేదేమో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో ఈ రోజు ప్రభుత్వ రక్త సేవే నల్లజాతి దాతలను వెతుక్కుంటూ వెళ్తోంది, సికిల్ సెల్ రోగులకు కావాల్సిన ఆర్‌ఓ రకం వాళ్లలో ఎక్కువ కాబట్టి. అక్కడ వెతికేది పేషెంట్ అమ్మ కాదు.

ఇక్కడ ఒక అనుమానం రావచ్చు. ఒకే నేల మనుషుల రక్తం బాగా కలుస్తుందనడం మళ్లీ జాతి రక్తం, కుల రక్తం అనడం కాదా అని సెమినార్‌లో ఒక మిత్రురాలు అడిగింది. కాదు. ఎర్రకణం మీది గుర్తులు కులం అడిగి రావు. ఎక్కడి వాళ్లలో ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్న లెక్క మాత్రమే మారుతుంది. కులాలన్నీ కలగలిసిన రక్తమేనని భండార్కర్ పరిశోధనను చూపించి బాబాసాహెబ్ కుల నిర్మూలనలో వాదించారు. ఆ రాత్రి నా మెసేజ్ చూసి వచ్చినవాళ్లలో కరీంనగర్ మాదిగ అబ్బాయి, కాసర్‌గోడ్ ముస్లిం అమ్మాయి, గుంటూరు కమ్మ కుర్రాడు ఉన్నారు. ముగ్గురివీ పనికొచ్చాయి. నాది పనికిరాలేదు.

మన గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. ఏప్రిల్ 14న, డిసెంబరు 6న మన సంఘాలు ఊరూరా రక్తదాన శిబిరాలు పెడతాయి. నేనూ బ్యానర్లు కట్టాను. ఎర్రకణాల నిల్వ మహా అయితే 42 రోజులు. ఏప్రిల్ 14న ఇచ్చిన సీసా మే నెలాఖరుకు ముగిసిపోతుంది. సరిగ్గా అప్పుడే కాలేజీలు మూసి, హాస్టళ్లు ఖాళీ అయి, బ్యాంకుల్లో అసలైన కరవు మొదలవుతుంది. ఐదు రోజులే బతికే ప్లేట్‌లెట్స్‌కు జయంతి, వర్ధంతి ఏం తెలుసు? ఒకే రోజు రెండు వందల మంది ఇచ్చే బదులు, ఆ రెండు వందల మంది ఏడాది పొడుగునా వారానికి నలుగురు చొప్పున వంతులు వేసుకుంటే ఫొటో చిన్నదవుతుంది, పని పెద్దదవుతుంది. మా హాస్టల్లో మొదలుపెట్టాం. 31 పేర్లున్నాయి. వడలు తినకూడదని పైనే రాశాం.

నాకు ఎదురయ్యే ఇంకో ప్రశ్న: పీహెచ్‌సీలో హైడ్రాక్సీయూరియా దొరకని చోట ట్రాన్స్‌ప్లాంట్ గురించి మాట్లాడటం విలాసం కాదా? ఆ ప్రశ్నలో నిజం ఉంది. ఒకటి అడిగితే ఇంకోటి వదులుకోవాలన్న లెక్క మనకు మాత్రమే ఎందుకు చెబుతారో నాకు అర్థం కాదు. ఆ పైన, రాబోయేది చూడండి. అమెరికాలో 2023 డిసెంబరులో అనుమతి వచ్చిన జన్యు చికిత్స ధర 22 లక్షల డాలర్లు. మన సీఎస్‌ఐఆర్ శాస్త్రవేత్తలు తయారుచేస్తున్న దేశీ చికిత్సకు బిర్సా 101 అని పేరు పెట్టి 2025 నవంబరులో ప్రకటించారు. చవగ్గా వస్తుందంటున్నారు, రావాలి. బిర్సా ముండా పేరు పెట్టుకున్న ఆ చికిత్స బిర్సా మనుషులకు చేరాలంటే ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఇప్పుడు వాడుకలో ఉన్న జన్యు చికిత్సలకు కూడా రోగి కణాలు తీసే ముందు వారాల తరబడి రక్త మార్పిడి చేయాలి, తర్వాత కీమో, ఆ తర్వాత మళ్లీ ప్లేట్‌లెట్స్. దాతను వెతికే అవసరం పోతుంది గానీ రక్తం వెతికే అవసరం పోదు.

అబ్బాయి నలభై మూడో రోజు డిశ్చార్జ్ అయ్యాడు. బాకీ ఆరు యూనిట్లూ హాస్టల్ పిల్లలే తీర్చారు. గ్రూపులు కలవకపోవడం వల్ల కొత్త మజ్జ ఎర్రకణాలు తయారుచేయడానికి చాలా ఆలస్యం చేసింది. మూడు నెలలు రెండు వారాలకోసారి మళ్లీ రక్తం, మళ్లీ దాతలు. ఆ మూడు నెలలూ నాన్న హైదరాబాద్‌లోనే ఒక అపార్ట్‌మెంట్ కట్టే చోట కూలికి వెళ్లాడు.

ఆగస్టులో వచ్చిన రిపోర్టులో అబ్బాయి బ్లడ్ గ్రూపు బి పాజిటివ్ అని ఉంది. అక్క గ్రూపు. బడి ఐడీ కార్డు మీద మాత్రం ఇంకా ఓ పాజిటివ్ అనే ఉంది. దాయీ ఫోన్ చేసి, "నోనీ, కార్డు మీద దిద్దించాలా?" అని అడిగింది. దిద్దించాలి అన్నాను. రేపు ఎక్కడైనా దెబ్బ తగిలి ఏ ఆస్పత్రికైనా తీసుకెళ్తే ముందు రిపోర్టు చూపించమని, ఇతనికి రేడియేషన్ ఇచ్చిన రక్తమే కావాలని, ఈ యాంటీబాడీ ఉందని హిందీలో పెద్ద అక్షరాలతో ఒక కాగితం రాసి వాట్సాప్‌లో పంపాను. లామినేషన్ చేయించిందట. వచ్చే నెల ఇంటికి వెళ్తున్నాను. బిలాస్‌పూర్ నుంచి మస్తూరీకి బస్సులో వెళ్లి, ఆ కాగితంతో వాళ్లతో పాటు ముందు బడికి, తర్వాత ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి.